కాలికి తెలియకూడని చోటు

కాశీబుగ్గలో కిందటేడాది ఒక ఇంటి పనికి వెళ్లాను. మేడ మీద పడకగదికి కర్ర నేల వేయించారు. దాన్ని ఆనుకుని పిల్లలు సినిమాలు చూసుకునే గది. అందులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కార్పెట్. రెండింటి మధ్య మూడడుగుల తలుపు. ఆ తలుపు కింద పట్టీ వేయాలి, అంతే. కర్ర వేసినవాళ్లు, కార్పెట్ పరిచినవాళ్లు ఎవరి పని వాళ్లు చేసుకుని డబ్బులు తీసుకుని వెళ్లిపోయారు. రెండు నేలలూ కలిసే చోటు మాత్రం ఎవరిదీ కాకుండా మిగిలిపోయింది. ఇంటాయన ఫోన్లో "అరగంట పని బాబూ, ఒచ్చి కొట్టేసి ఎళ్లిపోదువు గాని" అన్నారు.

వెళ్లి, చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని కర్ర మీంచి కార్పెట్ మీదకి, కార్పెట్ మీంచి కర్ర మీదకి నాలుగుసార్లు నడిచాను. ఏ ఇంటికి వెళ్లినా ముందు ఇదే చేస్తాను. టేపు, రసమట్టం తర్వాత తీస్తాను. కార్పెట్ వైపు నుంచి వస్తుంటే కుడికాలి బొటనవేలు కర్ర అంచుకి కొట్టుకుంది. టేపు పెట్టి చూస్తే మూడు నూళ్లు తేడా. మా వడ్రంగుల లెక్కలో ఎనిమిది నూళ్లయితే అంగుళం. మనిషి బరువు పడితే కార్పెట్, దాని కింది మెత్త కలిసి ఇంకో నూలు దిగుతాయి. అంటే నడిచే కాలికి అది అరంగుళం మెట్టు.

పడకగదిలో మంచం మీద కూర్చుని ఆ ఇంటి పెద్దావిడ నన్నే చూస్తున్నారు. వారానికి మూడు రోజులు డయాలసిస్‌కి వెళ్లొచ్చే మనిషి. పాదాలు వాచి ఉన్నాయి. లేచి నడిచినప్పుడు చూశాను. పాదం ఎత్తి వేయడం లేదు, నేలకి రాసుకుంటూ జరుపుతున్నారు.

"ఏటి బాబూ, కళ్లు మూసుకుని తిరుగుతన్నావు?"

"మీరెలగ నడుస్తారో సూస్తన్నానమ్మా" అన్నాను.

ఇంటాయనతో చెప్పాను, ఇది అరగంట పని కాదు, రెండు రోజుల పని అని. ఆయనకి కోపం వచ్చింది. పట్టీకి రెండు రోజులేమిటని అడిగారు. ఆ రోజు ఆయనకి నేను సరిగ్గా చెప్పలేకపోయాను. నోటితో చెప్పడం నాకు రాదు, చేసి చూపించడం వచ్చు. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

మాది కవిటి మండలం. రాత్రి పడుకుంటే సముద్రపు హోరు వినిపించే ఊరు. ఉద్యానవనం అన్న మాటే నోళ్లలో నలిగి మా ప్రాంతం పేరు ఉద్దానం అయిందని పెద్దలు చెప్తారు. ఇటు కొబ్బరి, అటు జీడి, పెరట్లో పనస. మా నాన్న వడ్రంగి. ద్వారబంధాలకి ఆయన పెట్టింది పేరు. పనస కర్రతో చేసేవారు. కోసినప్పుడు పసుపు ముద్దలా ఉండే ఆ కర్ర ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబారి గోధుమరంగులోకి దిగుతుంది. దాని చేవకి చెద తొందరగా పట్టదు.

ద్వారబంధం ఎత్తే ముహూర్తం రోజున గడప కింద నవధాన్యాలు, పంచలోహాల ముక్కలు వేసి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టేవారు. ఆ రోజు ఇంటివాళ్లు నాన్నకి కొత్త బట్టలు పెట్టేవారు. అప్పటి ఇళ్లలో లోపల అలికిన మట్టి నేల, బయట గచ్చు చేసిన అరుగు. రెండు నేలల మధ్య నాలుగైదు అంగుళాల ఎత్తున గడప. వానకి కొట్టుకొచ్చే నీళ్లు, గాలికి లేచే ఇసక, తోటల్లోంచి పాకి వచ్చే తేళ్లు అన్నీ అక్కడ ఆగాలి. నేల మారుతోందని, ఇల్లు మొదలవుతోందని కాలికి తెలియాలి. గడప మీద కూర్చోకూడదని, దాన్ని తొక్కకుండా దాటాలని మా నాయనమ్మ ఎన్నిసార్లు గదిమిందో. దాటడానికే చేసిన వస్తువది.

నా వృత్తిలో పట్టీ పని దానికి తలకిందులు. అక్కడ నేల మారినట్టు కంటికి తెలియవచ్చు గాని కాలికి తెలియకూడదు. ఈ రెండూ వేరువేరు పనులని అర్థం కావడానికి నాకు పదిహేనేళ్లు పట్టింది.

నాన్న దగ్గర నేర్చుకున్నదాంట్లో ఒకటి చెప్పాలి, ఎందుకంటే దాన్ని మర్చిపోయినందుకే తర్వాత దెబ్బ తిన్నాను. తలుపు చేసేటప్పుడు ఆయన పలకకి జిగురు పెట్టేవారు కాదు, మేకు కొట్టేవారు కాదు. చట్రానికి గాడి తీసి పలకని అందులోకి దింపి వదిలేసేవారు. గాడి లోపల అటో నూలు, ఇటో నూలు ఖాళీ. నాకు పదమూడేళ్లప్పుడు అడిగాను, "ఒదులుగా ఉంటే లొడలొడమనదా నాన్నా?" అని. "శ్రావణంలో ఒచ్చి సూడు" అన్నారు. శ్రావణంలో వానలకి పలక ఉబ్బి గాడి నిండా బిగుసుకుంది. మళ్లీ ఎండలకి వదులైంది. కర్ర పొడుగునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. కోసి, ఆరబెట్టి, చిత్రిక పట్టి, రంగు వేసినా దానికి ఆ గుణం పోదు.

2006లో పలాస స్టేషన్లో విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ పెట్టె ఎక్కాను. అప్పట్లో భువనేశ్వర్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే బండి అది. పలాస ప్లాట్‌ఫారం మీద సంచులతో నిలబడ్డ కుర్రాళ్లని చూస్తే ఎవరు సోంపేట వైపో, ఎవరు మందస వైపో, ఎవరు వజ్రపుకొత్తూరు వైపో మాటని బట్టి చెప్పేయొచ్చు. అందరమూ పనికి పోయేవాళ్లమే. ద్వారబంధాలు అప్పటికే సిమెంటువీ, ఇనుపవీ వచ్చేశాయి. నాన్నకే పని తగ్గింది, నాకెక్కడిది?

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఆఫీసులకి నేలలు వేసే ముఠాలో చేరాను. అడుగున్నర పైచిలుకు చదరం కార్పెట్ పలకల్ని జిగురుతో అతికించడం, అవి టైల్స్‌ని కలిసే చోట అల్యూమినియం పట్టీ కొట్టడం. ఇది వారంలో వచ్చేసింది. రెండు నేలలూ ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి గొప్పేమీ లేదు. టీ ఆకారం పట్టీని సందులోకి దించితే చాలు. అసలు పని నేర్చుకున్నది 2009 తర్వాత, దుబాయిలో.

అక్కడి హోటళ్లలో కార్పెట్ నాలుగు మీటర్ల వెడల్పు చుట్టలుగా వస్తుంది. చుట్టని ఆరుగురు మోస్తారు. దాన్ని అతికించరు, లాగి కడతారు. గోడల వెంట సన్నటి కర్ర బద్దలు కొడతారు. వాటి నిండా పైకి పొడుచుకొచ్చిన మేకులు ఉంటాయి. మేకులన్నీ గోడవైపు వాలి ఉండాలి. దీన్ని గ్రిప్పర్ అంటారు. కార్పెట్ అడుగు ఆ మేకులకి తగులుకుని మృదంగం మీద తోలులా బిగుసుకుంటుంది. బిగించడానికి కిక్కర్ అని ఒక పనిముట్టు. ముందర పళ్లు, వెనక మెత్త. పళ్లని కార్పెట్‌లో గుచ్చి, మెత్తని మోకాలి పై భాగంతో గుద్దాలి. రోజుకి కొన్ని వందల గుద్దులు. ఈ పనివాళ్లకి వచ్చే మోకాలి వాపుకి డాక్టర్ల దగ్గర 'కార్పెట్ లేయర్స్ నీ' అని పేరే ఉంది. నా ఎడమ మోకాలు ఇప్పటికీ గొంతుకు కూర్చోనివ్వదు.

గోడ దగ్గర కార్పెట్ చివర దాక్కోవడానికి సందు ఉంటుంది. తలుపు దగ్గర ఉండదు. అక్కడ కర్ర నేల ఎదురవుతుంది. నాకు పని నేర్పిన కేరళ మేస్త్రి కొత్తవాళ్లని గోడలకి పెట్టేవారు, తలుపులు ముట్టుకోనిచ్చేవారు కాదు. తలుపు దగ్గర మొదట తేల్చుకోవలసింది పట్టీ ఎక్కడ పడాలన్నది. తలుపు మూసినప్పుడు సరిగ్గా తలుపు చెక్క మందం కింద పడాలి. ఈ గదిలో నిలబడితే ఆ గది నేల కనపడకూడదు, ఆ గదిలో నిలబడితే ఈ గది నేల కనపడకూడదు. అర అంగుళం జరిగినా మూసిన తలుపు కింద నుంచి వేరే రంగు గీత తొంగిచూస్తుంది. ఏళ్ల తరబడి కనిపించే తప్పు అది.

తర్వాత గ్రిప్పర్ ఎంత దూరంలో కొట్టాలన్నది. కర్ర అంచుకి ఆనించి కొడితే కార్పెట్ మడిచి దోపడానికి చోటుండదు. ఎక్కువ దూరం పెడితే దోపిన కార్పెట్ వదులై కాలి కింద గుంట పడుతుంది. కార్పెట్ మందం కంటే కొంచెం తక్కువ సందు ఉండాలి. కింది మెత్తని గ్రిప్పర్ దాకా తెచ్చి అక్కడే కోసేయాలి, దాని మీదకి ఎక్కనివ్వకూడదు. కిక్కర్‌తో లాగి మేకులకి తగిలించాక కార్పెట్‌ని అర అంగుళం ఎక్కువ ఉంచి కోసి, ఆ మిగులుని మొద్దు ఉలితో సందులోకి దోపాలి. పదునున్న ఉలి వాడితే అల్లిక దారాలు తెగుతాయి, ఆర్నెల్లలో అంచు పీచు లేస్తుంది. ఇంకో రకం పట్టీ ఉంది. దానికే పళ్లుంటాయి, పైన రేకు పెదవి ఉంటుంది. కార్పెట్ చివర పళ్లకి తగిలించి పెదవిని రబ్బరు సుత్తితో వంచేస్తారు. సుత్తి దెబ్బలు సమానంగా పడకపోతే రేకు మీద అలలు తేలతాయి. అలలు వచ్చిన పట్టీని మేస్త్రి పీకి పారేసేవారు. ఖరీదు ఎవరు కడతారని అడగడానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు.

హోటల్ డ్రాయింగుల మీద గుమ్మాల దగ్గర ఎప్పుడూ రెండు అంకెలు ఉండేవి. ఎందుకని అడిగితే ఒక ఇంజనీరు చెప్పాడు. అమెరికాలో 1990లో వికలాంగుల హక్కులకి చట్టం వచ్చింది. దాని కింద నేల ఎత్తు మారే చోటుకి కొలత పెట్టారు. పావు అంగుళం దాకా నిలువు అంచు ఉండొచ్చు. పావు దాటి అర అంగుళం దాకా అయితే అంచుని వాలుగా చెక్కాలి, ఒకటికి రెండు కంటే నిటారుగా ఉండకూడదు. అర అంగుళం దాటితే అది ర్యాంపు కిందే లెక్క. చక్రాల కుర్చీ ముందు చక్రం ఎంత మెట్టు ఎక్కగలదో, కర్ర పట్టుకు నడిచేవాడి కాలు ఎక్కడ తగులుకుంటుందో ఆలోచించి పెట్టిన కొలతలు. రెండు నూళ్లు, నాలుగు నూళ్లు. అప్పటి నుంచి ఆ రెండు అంకెలూ నా టేపు మీద ఎర్రగా కనపడుతూనే ఉంటాయి.

ఇక నా తప్పు. 2011లో ఒక పెద్ద భవనంలో పద్నాలుగు ఫ్లాట్లకి తలుపుల దగ్గర పట్టీలు నాకే అప్పగించారు. నడవాకి లామినేట్ కర్ర, పడకగదులకి కార్పెట్. లామినేట్‌ని కాంక్రీటుకి బిగించరు. పల్చటి నురుగు షీటు మీద పలకల్ని ఒకదానికొకటి తగిలించి పరిచేస్తారు, నేల మొత్తం ఒక్క చాపలా తేలుతూ ఉంటుంది. గోడల చుట్టూ ఎనిమిది, పది మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, ఆ ఖాళీని స్కర్టింగ్ కింద దాచేస్తారు. నేను పట్టీలు గట్టిగా ఉండాలని లామినేట్‌లోంచి కాంక్రీటులోకి డ్రిల్ వేసి, ప్లగ్గులు దించి, స్క్రూలు బిగించేశాను. ఒక్క పట్టీ కూడా కదల్లేదు. చేత్తో గుంజి చూసుకుని సంతోషపడ్డాను.

ఎండాకాలం వచ్చింది. ఫ్లాట్లలో ఇంకా ఎవరూ దిగలేదు, ఏసీలు ఆపేశారు. ఆగస్టులో దుబాయి గాలిలో తేమ మన ఉద్దానం గాలికి తీసిపోదు. లామినేట్ లోపల ఉండేది అదిమిన కర్ర పొడి, అది అన్ని వైపులకీ ఉబ్బుతుంది. రెండు చివర్లా తలుపుల దగ్గర నేను దాన్ని మేకులతో శిలువ వేసినట్టు కట్టేశాను. పోవడానికి దారి లేక నడవా మధ్యలో నేల గాడిద వీపులా లేచింది. పైపు ఎక్కడో కారుతోందని ప్లంబర్లని పిలిపించి గోడ కూడా తవ్వారు. కేరళ మేస్త్రి వచ్చి, ఏమీ అనకుండా, నా స్క్రూలు ఒక్కొక్కటే విప్పారు. నాలుగోది విప్పగానే నేల కిర్రుమంది, మూలిగినట్టు. మధ్యలో గుబ్బ సగం దిగిపోయింది.

నేను అక్కడే చతికిలబడ్డాను. పలకకి మేకు కొట్టకూడదని నాకు పదమూడేళ్లప్పుడే తెలుసు. పద్నాలుగు ఫ్లాట్లలో ఆ పనే చేశాను. కంపెనీవాళ్లు రెండు నెలల జీతంలో కోత పెట్టారు. పట్టీ కాంక్రీటుకే పట్టాలి, తేలే నేలకి పట్టకూడదు అన్న ఒక్క మాట ఎవరూ నాకు చెప్పలేదన్నది నిజం. చెప్పకపోయినా నాకు తెలిసి ఉండాల్సిందన్నది అంతకంటే నిజం. డబ్బు పోయినందుకంటే నాన్న ముఖం గుర్తొచ్చినందుకు ఎక్కువ బాధపడ్డాను.

2018 అక్టోబరు 11న తెల్లవారకముందే తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. దుబాయిలో ఒక గదిలో ఎనిమిది మందిమి, అందులో అయిదుగురం ఉద్దానం వాళ్లం. ఫోన్లు కలవలేదు. మర్నాడూ కలవలేదు. టీవీలో విరిగిన కొబ్బరి చెట్లు చూపిస్తుంటే అవి ఏ ఊరివో పోల్చుకోవడానికి ప్రయత్నించాం. అన్నీ ఒక్కలాగే పడి ఉన్నాయి. మా అమ్మ గొంతు వినడానికి ఆరు రోజులు పట్టింది. "మనుషులం ఉన్నాం నాయినా, చెట్లే నేవు" అంది.

నేను నవంబరులో దిగాను. తోటలో నిలబడితే సముద్రం నేరుగా కనపడింది. అంతకుముందు ఎప్పుడూ కనపడలేదు. జీడి తోటలు వేళ్లతో సహా పెకలించుకుపోయాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి వచ్చేసరికి ఏళ్లు పడుతుంది, అంతవరకూ ఏం తినాలో తెలియని కుటుంబాలు మా వీధిలోనే పది. మా పెరట్లో తాత నాటిన పనస పడిపోయింది. నాన్న అప్పటికే దాన్ని మిల్లుకి తోలించి పలకలు కోయించి, మధ్యలో బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి పెట్టారు. వయసు మీద పడి చిత్రిక పట్టలేని మనిషి, రోజూ వెళ్లి ఆ దొంతరని తట్టి చూసుకునేవారు. నేను మళ్లీ దుబాయి వెళ్లలేదు.

ఊళ్లో ఉండిపోతే ఏం పని దొరుకుతుంది అనుకున్నాను గాని, నేల పని ఇక్కడా మారింది. జీడిపప్పు వ్యాపారం ఉన్న పలాసలో, గ్రానైట్ ఉన్న టెక్కలిలో, గల్ఫ్ డబ్బు వచ్చే ఊళ్లలో కొత్త ఇళ్లు లేస్తున్నాయి. కార్పెట్, కర్ర నేల ఏడాదికి నాలుగైదు ఇళ్లకి తగులుతాయి. మిగతావన్నీ టైల్స్ గదికీ మార్బుల్ హాలుకీ మధ్య, పాత మొజాయిక్‌కీ కొత్త గ్రానైట్‌కీ మధ్య గుమ్మం పట్టీలు. వీటికి టెక్కలి రాయే వాడతాను. చుట్టుపక్కల కొండల్లో తీసే ఈ రాయిలో నీలి ఛాయ ఉంటుంది, దేశాలు దాటి వెళ్తుంది. పాలిషింగ్ యూనిట్లలో పలకలు కోయగా మిగిలిన పొడుగు ముక్కలు గుమ్మం పట్టీకి సరిపోతాయి. వాళ్లకి తుక్కు, నాకు బంగారం. ఒక అంచుని వాలుగా చెక్కించి పాలిష్ పట్టిస్తాను. మొదట్లో "వాలెందుకు, పలక అంచు బాగుంటాది గదా" అనేవారు. ఇప్పుడు నా చేతి గీత చూడగానే ఎంత వాలో వాళ్లే చెప్తారు.

సముద్రపు గాలి దగ్గర దుబాయి చదువు కొంత మార్చుకోవాల్సి వచ్చింది. అల్యూమినియం పట్టీకి మామూలు ఇనుప స్క్రూ వేస్తే, ఉప్పు గాలికి స్క్రూ చుట్టూ తెల్ల పొడి, పైన ఎర్ర తుప్పు. నౌపడా ఉప్పు మళ్ల వైపు ఒక ఇంట్లో రెండేళ్లకే స్క్రూ తలలు ఊడిపోయి పట్టీ కాలికి కోసుకుంది. ఇప్పుడు స్టీలు స్క్రూలే, అవీ తుప్పు పట్టని రకం. ఇసక ఇంకో శత్రువు. ఎంత ఊడ్చినా తీరంలో ఇంట్లోకి ఇసక వస్తుంది, పట్టీ కిందకి దూరుతుంది, ఆకురాయిలా కర్ర అంచుని అరగదీస్తుంది. అందుకని పట్టీ అంచుల వెంట మెత్తగా ఉండే సిలికాన్ సన్నటి గీత వేస్తాను. గట్టిపడే సిమెంటు పుట్టీ వేయను. నేల కదలాలి కదా.

కర్ర వచ్చిన రోజే పరిచేయమనే ఇంటివాళ్లు చాలామంది. అట్టపెట్టెలు విప్పి, ఏసీ వేసి, ఆ గదిలోనే కనీసం మూడు రోజులు ఉంచమంటాను. మన గాలిలో తేమ తాగి ఉన్న కర్రని అలాగే పరిచి, తర్వాత రోజంతా ఏసీ వేస్తే పలకల మధ్య సందులు విచ్చుకుంటాయి. కాంక్రీటు సంగతి చూడటానికి పాత ఉపాయమే. ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ షీటు నేల మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించి వదిలేయడం. మర్నాడు షీటు కింద చెమట పట్టి ఉంటే ఆ నేల ఇంకా ఆరలేదు. కవిటిలో ఒక ఇంట్లో నాలుగు నెలలైనా చెమట పట్టింది. ఆగమన్నాను. ఆగలేదు. వేరేవాళ్ల చేత వేయించారు. వానాకాలంలో ఫోన్ చేశారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఈ జబ్బు మనిషి లేని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. కారణం ఇదీ అని ఇంకా తేల్చలేని జబ్బు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం రిజర్వాయరు నీళ్లు ఉద్దానానికి తెచ్చే పథకం కూడా అదే రోజు మొదలైంది. వైద్యం వాళ్లు చూస్తారు. కానీ డయాలసిస్ చేయించుకుని ఇంటికి వచ్చిన మనిషి నీరసంగా, తల తిరుగుతూ, వాచిన కాళ్లతో మంచం దాకా నడవాలి. బాత్రూం గుమ్మం దగ్గర రెండు అంగుళాల గట్టు. పడకగది గుమ్మానికి ఇంకో గట్టు. పడితే తుంటి విరుగుతుంది. అలా పడి మంచం పట్టిన వాళ్లని మా చుట్టాల్లోనే ఇద్దర్ని చూశాను.

వీధి గుమ్మానికి గడప ఉండనివ్వండి. పసుపు రాసి ముగ్గు పెట్టండి. దాని ఎత్తు తగ్గించమని నేను ఏ ఇంటికీ చెప్పలేదు, మా నాన్న కొడుకుగా చెప్పలేను కూడా. లోపలి గదుల మధ్య గట్లు మాత్రం ఆచారం కాదు, మేస్త్రుల అలవాటు. గదికీ గదికీ నేల మందం లెక్క చూసుకోకుండా వేసి, తేడా వచ్చిన చోట రాయి నిలబెట్టి దాచేయడం వల్ల వచ్చినవి. తప్పుని దాచడానికి పట్టీ వేస్తే అది తప్పుని పైకెత్తి చూపిస్తుంది.

కాశీబుగ్గ ఇంటికి వస్తాను. మొదటి రోజు పొద్దున తలుపు దగ్గర కార్పెట్‌ని మేకుల నుంచి విప్పి మూడడుగులు వెనక్కి చుట్టాను. మెత్త తీసి, గ్రిప్పర్ పీకేశాను. కర్ర వైపు చూస్తే అనుకున్నట్టే ద్వారబంధానికి ఆనించి, పిడికిలి బిగించినట్టు బిగించేశారు. సన్న రంపంతో ద్వారబంధం అడుగు కోసి, కర్ర అంచుని అర అంగుళం వెనక్కి కోసి, దానికి ఊపిరాడే చోటు చేశాను. తర్వాత కాంక్రీటు మీద, దానంతటదే సమానంగా సర్దుకునే సిమెంటు కలిపి, తలుపు దగ్గర నాలుగు నూళ్ల ఎత్తు నుంచి మూడడుగుల అవతల సున్నాకి వచ్చేలా వాలు పోశాను. మూడడుగుల్లో అర అంగుళం వాలు కాలికి తెలియదు. అది ఆరడానికి రాత్రంతా వదిలేశాను. ఇంటాయన సాయంత్రం వచ్చి విప్పి పడేసిన కార్పెట్ చూసి తల పట్టుకున్నారు.

రెండో రోజు పట్టీ. మార్కెట్లో దొరికే అల్యూమినియం వద్దనుకుని ఇంటి నుంచి మా పనస పలక తెచ్చాను. తిత్లీకి పడిన చెట్టుది, ఆరేళ్లు ఆరిన కర్ర. ఒక వైపు కర్ర నేల మీదకి అంగుళం పెదవి వచ్చేలా, అటు వైపు కార్పెట్‌కి వాలేలా చిత్రిక పట్టాను. కాంక్రీటులో ప్లగ్గులు దించి కాంక్రీటుకే బిగించాను. పెదవి కింద కర్ర నేల తన ఇష్టం వచ్చినట్టు జరగొచ్చు. గ్రిప్పర్ కొత్తది కొట్టి, కిక్కర్‌తో కార్పెట్ లాగి, అంచు దోపి, స్క్రూ తలల మీద అదే కర్ర బిళ్లలు అతికించి సాన పట్టాను. తలుపు మూస్తే ఇటు నుంచి కర్ర మాత్రమే కనపడింది, అటు నుంచి కార్పెట్ మాత్రమే.

పెద్దావిడని నడవమన్నాను. గోడ పట్టుకుని, ఎప్పట్లాగే పాదాలు జరుపుకుంటూ తలుపు దాటారు. అటు వెళ్లి వెనక్కి తిరిగి, "పట్టీ ఏది బాబూ, ఇంకా ఎయ్యలేదా?" అన్నారు.

ఇల్లు కట్టుకుంటున్న వాళ్లకి నా మనవి ఒక్కటే. ఏ గదికి ఏ నేల వేస్తారో బేస్‌మట్టం పోయకముందే తేల్చుకోండి. కర్ర ఎంత మందం, టైల్ ఎంత, కార్పెట్ మెత్తతో కలిపి ఎంత అని కాగితం మీద రాసి మేస్త్రికి ఇవ్వండి. మందం ఎక్కువున్న గదిలో మట్టం అంత కిందకి పోస్తే సరిపోతుంది, పైసా ఎక్కువ ఖర్చు కాదు. నేల పూర్తయ్యాక ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లని, చెప్పుల్లేకుండా, ప్రతి తలుపులోంచీ ఒకసారి నడిపించి చూడండి. పనివాడికి ఆఖరి డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి. ఆ పనివాడు నేనైనా సరే.